గాజులకున్న కొలత సైకిలుకెందుకు లేదు?

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును అలాగే ఉంచి, అక్కడక్కడా కుదించాం.)



రెండు రోజులుగా ఇక్కడ గృహహింస చట్టం గురించీ, ఆస్తిహక్కు గురించీ చాలా గట్టి చర్చలు జరిగాయి. ఇప్పుడు నేను సైకిలు సీటు గురించి మాట్లాడబోతున్నానంటే కొంతమందికి నవ్వు వస్తోంది. నవ్వండి, ఫరవాలేదు. నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం 'ఆటలు - స్త్రీల శరీరాలు'. అది చాలా పెద్దది. దాన్ని నేను ఒక్క వస్తువుకి కుదించుకున్నాను. మీలో సగం మంది సైకిళ్ల మీదో, మోపెడ్ల మీదో ఊళ్లు తిరిగినవాళ్లే కాబట్టి ఈ వస్తువు మీకు నాకంటే బాగా తెలుసు.

గాజుల షాపుకి వెళితే అతను మొదట అడిగేది ఏమిటి? రెండు నాలుగా, రెండు ఆరా అని. కొందరైతే అడగను కూడా అడగరు, చెయ్యి చూసి చెప్పేస్తారు. జాకెట్టు కుట్టించుకోవటానికి వెళితే భుజం, చంక, చేతి పొడవు అన్నీ నోటుబుక్కులో రాసుకుంటారు. అదే సైకిలు షాపుకి వెళ్లండి. 'లేడీసా, జెంట్సా?' అంతే. నాలుగడుగుల పదంగుళాల మనిషికీ, అయిదడుగుల ఏడంగుళాల మనిషికీ అదే 'లేడీస్'. తొక్కుతుంటే మోకాలు నొప్పి పుట్టిందనుకోండి, 'నీకు అలవాటు లేదమ్మా' అంటారు. తొడల సందున మంట పుట్టిందనుకోండి, అది ఎవరికీ చెప్పం.

అసలు ఈ లేడీస్ సైకిలు ఎట్లా పుట్టిందో ఒకసారి చూద్దాం. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ అనే సైకిలు తయారుచేశాడు. రెండు చక్రాలూ దాదాపు ఒకే సైజులో ఉండి, గొలుసుతో వెనక చక్రం తిరిగే ఇప్పటి సైకిలుకి అదే తాత. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే పై కడ్డీని కిందికి వంచి ఆడవాళ్ల సైకిళ్లు వచ్చాయి. కడ్డీ ఎందుకు వంచారు? పాదాల దాకా ఉండే గౌన్లు అడ్డం పడకుండా. వెనక చక్రానికి వల ఎందుకు కట్టారు? గౌను అంచు చువ్వల్లో ఇరుక్కోకుండా. మన దగ్గర చీర కొంగుకీ చున్నీకీ ఆ ఏర్పాటే పనికొచ్చింది. గమనించారా? ఆడవాళ్ల కోసమని చేసిన ముఖ్యమైన మార్పంతా బట్టల కోసం చేసిందే. కాళ్ల పొడవు, చేతుల పొడవు, నడుం కింది ఎముకల వెడల్పు, అరచేతి సైజు, ఇవేవీ ఎవరూ కొలవలేదు. సీటు కొంచెం వెడల్పు చేసి కింద స్ప్రింగులు పెట్టారు, అది వేరే సంగతి.

కొలవలేదు గానీ, మాట్లాడకుండా మాత్రం ఊరుకోలేదు. 1890లలో అమెరికాలో, ఇంగ్లండులో డాక్టర్లు పత్రికల్లో ఏం రాశారో చదివితే మీరు ఆశ్చర్యపోతారు. సైకిలు తొక్కితే ఆడవాళ్ల మొహం బిగుసుకుపోయి 'సైకిలు మొహం' అనే జబ్బు వస్తుందన్నారు. సీటు రాపిడికి కోరికలు పుట్టి చెడిపోతారన్నారు. ఆ భయం తీర్చటానికి మధ్యలో గుంట పెట్టిన 'ఆరోగ్యకరమైన' సీట్లు బజారులోకొచ్చాయి. మధ్యలో ఖాళీ ఉన్న సీటు నిజానికి మంచిదే, ఇప్పుడూ వాడుతున్నారు. కానీ అప్పుడు దాన్ని పెట్టింది ఆమెకు నొప్పి పుట్టకూడదని కాదు, ఆమెకు సుఖం కలగకూడదని!

మన పక్కనే జరిగిన ఉదాహరణ ఒకటి చెప్పి అసలు విషయానికి వస్తాను. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా. అక్షరాస్యతా ఉద్యమం, అరివొళి ఇయక్కం, 1991లో స్త్రీలకి సైకిలు నేర్పటం కూడా తన కార్యక్రమంలో చేర్చుకుంది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దానికి వెన్నుదన్నుగా నిలిచారు. క్వారీ కూలీలు, వ్యవసాయ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, నర్సులు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. జర్నలిస్టు పి. సాయినాథ్ 1996లో వచ్చిన తన పుస్తకంలో దీని గురించి వివరంగా రాశారు. అందులో ఒక చిన్న విషయం నాకు బాగా గుర్తుండిపోయింది. ఉద్యమం ఊపందుకునేసరికి లేడీస్ సైకిళ్లు చాలలేదు. ఆడవాళ్లు జెంట్స్ సైకిళ్లే కొనుక్కుని తొక్కారు. పైగా కొందరు మాకు ఇదే బాగుందన్నారు. ఎందుకని? ముందు కడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు కాబట్టి. కంపెనీవాళ్లు గౌను కోసం తీసేసిన కడ్డీని ఈ తల్లులు పిల్ల కోసం మళ్లీ కోరుకున్నారన్నమాట. వాడే మనిషిని అడగకుండా వస్తువు తయారుచేస్తే ఇట్లాగే ఉంటుంది.

ఇప్పుడు 'బైక్ ఫిట్టింగ్' అనే మాటకి వస్తాను. అది మనది కాదు, పందేల సైక్లిస్టుల ప్రపంచం నుంచి వచ్చింది. మనిషికి తగినట్టు సైకిలును అమర్చటం, అంతే. సీటు ఎంత ఎత్తున ఉండాలి, ఎంత ముందుకీ వెనక్కీ ఉండాలి, దాని ముక్కు ఎంత వంగాలి, హ్యాండిలు ఎంత దూరంలో ఉండాలి అని కొలిచి బిగిస్తారు. ఇప్పుడు దీనికి పెద్ద పెద్ద యంత్రాలొచ్చాయి. చీలమండ, మోకాలు, తుంటి, భుజం, మోచెయ్యి, మణికట్టు మీద చిన్న చిన్న దీపాలు అంటించి, కెమెరాతో చూస్తూ కంప్యూటరులో కోణాలు లెక్కగడతారు. సీటు మీద పలచటి బట్టలాంటిది పరిచి ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతోందో రంగుల్లో చూపిస్తారు. హైదరాబాదు, బెంగుళూరుల్లో కూడా చేస్తున్నారు. వేలల్లో తీసుకుంటారు.

నేనూ చేయించుకున్నాను. నలభై దాటాక, డాక్టరు నడవమంటే విసుగు పుట్టి మళ్లీ సైకిలెక్కాను. మూడు నెలలకి మోకాలు ముందు భాగంలో నొప్పి, ఇంకో చోట తిమ్మిరి. సైకిలు కొన్న షాపులో మోకాలి సంగతి చెబితే 'మొదట్లో ఆడవాళ్లకి అంతే మేడం' అన్నారు. తిమ్మిరి సంగతి నేను చెప్పలేదు. సమాజశాస్త్రంలో డాక్టరేటు ఉంది, స్త్రీల ఆరోగ్యం మీద క్లాసులు చెబుతాను, అయినా నోరు పెగల్లేదు. తర్వాత ఫిట్టింగు చేసే చోటికి వెళ్లాను. అతను మర్యాదస్తుడే. రెండు గంటలు కొలిచి సీటు మూడు సెంటీమీటర్లు పైకెత్తాడు. మోకాలి నొప్పి నిజంగానే పోయింది. కానీ నన్ను మోకాళ్ల గురించి, నడుము గురించి, మెడ గురించి, చేతివేళ్ల తిమ్మిరి గురించి అడిగినవాడు, శరీరంలో సీటు తగిలే చోటు గురించి మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు. రెండు గంటలపాటు ఇద్దరం కలిసి ఆ విషయం చుట్టూ తిరిగొచ్చాం.

ఈ కొలతల శాస్త్రంలో ఎవరి శరీరం నమూనాగా ఉందో చూపించటానికి ఒక చిన్న లెక్క చేద్దాం. చాక్‌పీసు ఇవ్వండమ్మా. గోడకి ఆనుకుని నిలబడి, చెప్పులు విప్పి, తొడల మధ్య ఒక పుస్తకం గట్టిగా పైకి ఆనించి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలిస్తే వచ్చేది మన లోపలి కాలు పొడవు. సీటు ఎత్తుకి రెండు పేరున్న సూత్రాలున్నాయి. ఒకటి, 1967లో హామ్లీ, థామస్ అనే ఇద్దరు పరిశోధకులు ఇచ్చింది: పెడలు బాగా కిందున్నప్పుడు దాని నుంచి సీటు పైభాగం దాకా, కాలు పొడవుకి 1.09 రెట్లు. రెండోది, ఫ్రెంచి కోచ్ సిరిల్ గిమార్, అమెరికన్ సైక్లిస్టు గ్రెగ్ లెమాండ్ ద్వారా 1980లలో పేరుకెక్కింది: పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు దాకా, కాలు పొడవుకి 0.883 రెట్లు. ఇది మగవాళ్ల వృత్తి రేసుల్లో పుట్టిన సూత్రం.

కాలు పొడవు 85 సెంటీమీటర్లున్న పొడుగాటి మనిషిని తీసుకోండి. రెండో సూత్రం ప్రకారం 75. దానికి పెడలు చెయ్యి, అంటే ఇరుసు నుంచి పెడలు దాకా ఉండే ఇనుప చెయ్యి, సాధారణంగా 17 సెంటీమీటర్లు, కలపండి. 92. మొదటి సూత్రం ప్రకారం 92.6. రెండూ దాదాపు ఒకటే. బాగుంది. ఇప్పుడు మనలో ఒకరిని తీసుకుందాం. కాలు పొడవు 70. రెండో సూత్రం 61.8, దానికి 17 కలిపితే 78.8. మొదటి సూత్రం 76.3. రెండున్నర సెంటీమీటర్లు తేడా! పొడుగు కాళ్లవాళ్ల దగ్గర చక్కగా కలిసిపోయిన శాస్త్రం పొట్టి కాళ్ల దగ్గరకి వచ్చేసరికి తనతో తనే పోట్లాడుకుంటోంది. కారణం పెద్ద రహస్యమేం కాదు. కాలు పొట్టిదైనా పెడలు చెయ్యి మాత్రం అదే 17 ఉంటోంది. పొట్టి మనిషికి పొట్టి పెడలు చెయ్యి కావాలి. అవి తయారవుతాయి, పందేల సైకిళ్లకి దొరుకుతాయి. మన ఊరి షాపులో అడిగి చూడండి.

అందుకే అనుభవమున్న ఫిట్టర్లు సూత్రాన్ని ఆరంభంగా మాత్రమే తీసుకుని, మోకాలి కోణం చూస్తారు. కాలు పూర్తిగా చాపితే సున్నా అనుకుంటే, పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలని ఒక అంచనా. సీటు మరీ కిందుంటే మోకాలి చిప్ప మీద భారం పడి ముందువైపు నొప్పి పుడుతుంది. మరీ పైనుంటే ఒక్కో తొక్కుడుకీ నడుం అటూ ఇటూ ఊగుతుంది, మోకాలి వెనక లాగుతుంది, తొడల సందున రాపిడి పెరుగుతుంది. ఇది మీ కళ్లతో మీరే చూడొచ్చు. వెనక నుంచి ఎవరైనా చూస్తే నడుం ఊగుతోందో లేదో తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇందాక నేను దాటవేసిన విషయానికి వస్తాను. ఇక్కడ మగవాళ్లు ఇద్దరున్నారు, ఉండండి, మీరూ వినాలి. మన కటి ఎముకల్లో కింద రెండు మొనలుంటాయి. గట్టి బల్ల మీద కూర్చుంటే తెలుస్తాయి. భారం వాటిమీద పడాలి. వంగి తొక్కినకొద్దీ భారం ఆ ఎముకల మీంచి జారి ముందుకు, జననాంగాల మెత్తటి భాగం మీదకి వస్తుంది. 2012లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 48 మంది స్త్రీ సైక్లిస్టుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. హ్యాండిలు సీటు కంటే కిందికి ఉన్నవాళ్లలో ఆ భాగం మీద ఒత్తిడి ఎక్కువగానూ, స్పర్శ తక్కువగానూ ఉన్నట్టు అందులో తేలింది. మన పాత లేడీస్ సైకిలుకి హ్యాండిలు ఎత్తుగా ఉంటుంది, మనిషి నిటారుగా కూర్చుంటుంది. ఆ ఒక్క విషయంలో అది ఖరీదైన రేసు సైకిలు కంటే నయం. నేను దాన్ని ఇందాక తిట్టాను కాబట్టి ఈ మాట కూడా చెప్పాలి.

బ్రిటన్ జట్టు సంగతి చూడండి. ఒలింపిక్ పతకాలు కుప్పలుగా గెలిచిన జట్టు. సైకిలు బరువులో గ్రాములు లెక్కపెట్టిన జట్టు. అక్కడి స్త్రీలు సీటు పుళ్లతో ఏళ్ల తరబడి పోటీ చేశారు. 2016 రియో ఒలింపిక్స్‌కి ముందుగాని బ్రిటిష్ సైక్లింగ్ సంస్థ స్త్రీల జననాంగాల ఆరోగ్యం తెలిసిన డాక్టర్లనీ, సర్జన్లనీ, రాపిడి మీద పనిచేసే నిపుణులనీ ఒక చోట కూర్చోబెట్టలేదు. వాళ్లు ఏం చెప్పారు? అక్కడి వెంట్రుకలు గీసెయ్యొద్దు, అవి చర్మానికి రక్షణ అన్నారు. ఇంత చిన్న మాట! సీటు ముక్కు కొంచెం కిందికి వంచుకుంటే ఒత్తిడి తగ్గుతుందని కూడా తేలింది. సీటు దాదాపు మట్టంగా ఉండాలన్న అంతర్జాతీయ సమాఖ్య నిబంధన దానికి అడ్డం. ఆ నిబంధనను 2016లో సడలించారు. ఒలింపిక్స్‌లో మగవాళ్ల సైకిలు పోటీలు 1896లో మొదలయ్యాయి, ఆడవాళ్లవి 1984లో. అంటే ఆడవాళ్లని పోటీలోకి రానివ్వటానికి 88 ఏళ్లు, వచ్చినవాళ్లకి నొప్పి పుడుతోందని ఒప్పుకోవటానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది.

రియో పారాలింపిక్స్‌లో పోటీ చేసిన బ్రిటిష్ క్రీడాకారిణి హన్నా డైన్స్ 2019లో పత్రికలో తన పేరు పెట్టి రాసింది. ఏళ్ల తరబడి సీటు ఒత్తిడికి జననాంగం దగ్గర వాపు వచ్చి, చివరికి ఆపరేషను చేయించుకున్నానని. మన తెలుగులో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వచ్చినప్పుడు మన శరీర భాగాల పేర్లు అచ్చులో చూసి ఎంతమంది ఉలిక్కిపడ్డారో మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అంతటి పుస్తకం వచ్చిన భాషలో కూడా ఒక ఆడపిల్ల తన పీఈటీ మాస్టారికి 'సీటు కొరుక్కుపోతోంది సార్' అని చెప్పలేదు.

అయితే ఆడవాళ్ల శరీరం వేరు కాబట్టి ఆడవాళ్లకి వేరే సైకిలు చేస్తే సరిపోతుందా? ఈ ప్రశ్న దగ్గర నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే మన ఉద్యమంలోనూ ఇదే తగవు ఉంది. అమెరికాలో జార్జీనా టెర్రీ అనే ఇంజనీరు 1985లో ఆడవాళ్ల సైకిళ్ల కంపెనీ పెట్టింది. పొట్టివాళ్లకి ఫ్రేము సరిగ్గా కుదరటానికి ముందు చక్రాన్ని చిన్నది చేసింది. చాలామందికి మొదటిసారి నొప్పి లేకుండా తొక్కటం తెలిసింది. దాంతో పెద్ద కంపెనీలు కూడా దిగాయి. ఆడవాళ్లకి కాళ్లు పొడవు, మొండెం పొట్టి అని ఒక సూత్రం తయారుచేసి, దానికి గులాబీ రంగు పూసి అమ్మాయి. 2010ల చివరికి వచ్చేసరికి స్పెషలైజ్డ్ లాంటి కంపెనీలు వేల మంది కొలతలు పోగేసి చూసుకుని, ఆడా మగా మధ్య ఉన్న తేడా కంటే మనిషికీ మనిషికీ మధ్య తేడాలే ఎక్కువని చెప్పి ఆ విడి ఫ్రేములు మానేస్తూ వచ్చాయి. ఇందులో వాళ్ల వ్యాపార లెక్కలు వాళ్లకుంటాయి. అయినా విషయం నిజమే. ఈ గదిలో ఉన్న నలభై మందిమి ఒక వరసలో నిలబడితే తెలుస్తుంది. 'స్త్రీ శరీరం' అని ఒకటే అచ్చు లేదు. సగటు ఆడదాని కోసం చేసిన సైకిలు కూడా సగం మంది ఆడవాళ్లకి సరిపోదు. మనకి కావలసింది ఎవరికి వాళ్లు మార్చుకోగలిగే సైకిలు, మార్చుకోవటం తెలిసిన చేతులు. సీట్ల విషయం మాత్రం వేరు. కూర్చునే ఎముకల మధ్య దూరం సగటున ఆడవాళ్లలో కొంచెం ఎక్కువ. కాబట్టి రెండు మూడు వెడల్పుల్లో సీట్లు ఉండాల్సిందే.

ఇంక సామర్థ్య పరీక్షలు. పందేల్లోకి వెళ్లే పిల్లల్ని ఒక చోట కదలని సైకిలు మీద కూర్చోబెట్టి ఎంత శక్తి పుట్టిస్తున్నారో వాట్లలో కొలుస్తారు. ఇరవై నిమిషాలు ఎంత గట్టిగా తొక్కగలిగితే అంత తొక్కించి, వచ్చిన సగటులో 95 శాతాన్ని ఆ మనిషి గంటసేపు నిలబెట్టుకోగల శక్తిగా లెక్కవేసే పద్ధతి బాగా వాడుకలో ఉంది. మూతికి గొట్టం తగిలించి ఎంత ఆక్సిజను వాడుకుంటోందో చూసే పరీక్ష ఇంకొకటి. వీటిని నేను వద్దనటం లేదు. కళ్లతో చూసి 'ఈ పిల్ల ఏం తొక్కుతుందిలే' అనే కోచ్ కంటే అంకె నయం. కానీ అంకె దగ్గర రెండు ప్రమాదాలున్నాయి.

మొదటిది, ఆ వాట్లని శరీరం బరువుతో భాగిస్తారు. 60 కిలోల పిల్ల 180 వాట్లు తెస్తే కిలోకి 3. శక్తి ఏమీ పెంచకుండా బరువు 55కి దించితే అదే 180 వాట్లకి 3.27 వస్తుంది. చూశారా ఎంత సులువో! సాధన చెయ్యక్కర్లేదు, అన్నం మానేస్తే చాలు. పదహారేళ్ల పిల్లకి ఈ భాగహారం చేతికిస్తే ఏం చేస్తుందో మనకి తెలుసు, ఎందుకంటే తక్కువ తినటం ఆమెకి ఇంట్లో చిన్నప్పటినుంచే నేర్పి ఉంటారు. తిండి చాలకుండా శ్రమ చేస్తే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు పలచబడతాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ క్రీడాకారుల్లో ఈ శక్తి లోటుకి ఒక పేరు పెట్టి హెచ్చరించింది. నెలసరి ఆగిపోతే 'బాగా కష్టపడుతోంది' అని మెచ్చుకునే కోచ్‌లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

రెండోది మన దేశానికి ఇంకా దగ్గరిది. ఆక్సిజనును మోసేది రక్తంలో హిమోగ్లోబిన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం లేని పిల్లని తీసుకెళ్లి ఆ గొట్టం తగిలించి పరీక్ష చేసి, 'దీనికి సత్తువ లేదు' అని కాగితం మీద రాసి ఇంటికి పంపిస్తే, ఆ యంత్రం కొలిచింది దేన్ని? ఆ పిల్ల ప్రతిభనా, వాళ్లింట్లో చివరగా తినేది ఎవరన్నదాన్నా? ఎంపిక పోటీలకి పిల్లల్ని తీసుకెళ్లే సంస్థలవాళ్లు ముందు రక్తపరీక్ష చేయించమని అడగండి. చాలా చౌక.

పరిశోధనలోనే మనం తక్కువ. 2014 నుంచి 2020 దాకా ఆటల శాస్త్రంలో వచ్చిన 5,261 అధ్యయనాలను 2021లో ఒక బృందం లెక్కగట్టింది. పాల్గొన్నవాళ్లలో స్త్రీలు 34 శాతం. స్త్రీల మీద మాత్రమే చేసినవి 6 శాతం. నెలసరి చక్రం లెక్కల్ని చెడగొడుతుందని మనల్ని వదిలేస్తారు, వదిలేసి వచ్చిన ఫలితాలను మనకి అంటిస్తారు.

ఇంకో సంగతి, మీలో చట్టాల మీద పనిచేసేవాళ్లు జాగ్రత్తగా వినండి. ఫిట్టింగు అంటే ముట్టుకోవటం. తుంటి ఎముక ఎక్కడుందో వేలితో నొక్కి చూసి గుర్తు అంటిస్తారు. మడమ పట్టుకుంటారు, నడుం సరిచేస్తారు. చేసేది ఎక్కువగా మగవాళ్లు, చేయించుకునే పిల్లకి అది ఎంతవరకు అవసరమో తెలియదు. 2022 జూన్‌లో శిక్షణ కోసం స్లొవేనియా వెళ్లిన భారత జట్టులోని ఒక సైక్లిస్టు ముఖ్య కోచ్ తనతో అనుచితంగా ప్రవర్తించాడని ఫిర్యాదు చేసింది. స్పోర్ట్స్ అథారిటీ జట్టును వెనక్కి పిలిపించి, అతని కాంట్రాక్టు రద్దు చేసింది. ఆ పిల్ల నోరు తెరిచింది కాబట్టి ఇది మనకి తెలిసింది.

పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టంలో 'పనిచేసే చోటు' అనే మాటకి ఇచ్చిన వివరణ చదవండి. క్రీడా శిక్షణ సంస్థలు, స్టేడియంలు, పోటీలు జరిగే చోట్లు అందులో పేరు పెట్టి ఉన్నాయి. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు, వయసు పరిమితి కూడా లేదు. మీ జిల్లా స్టేడియంలో అంతర్గత కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు, వాళ్ల పేర్లు గోడ మీద రాసి ఉన్నాయా? ఇది మీరు రేపే వెళ్లి చూడగలిగిన పని. ముట్టుకునే ముందు ఎందుకో చెప్పి అడగటం, ఇంకో మనిషి గదిలో ఉండటం, గుర్తులు తనే అంటించుకునే వీలివ్వటం, ఇవి ఖర్చుతో కూడుకున్న కోరికలేం కావు.

(సభలో ఒకరు: 'మా స్కూలు పిల్లలకి వీటితో ఏం పని మేడం? వాళ్లకి గవర్నమెంటు ఇచ్చిన సైకిళ్లే కదా.')

అదే చెప్పబోతున్నాను. బీహారులో 2006లో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ల పథకం పెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని అధ్యయనం చేశారు. తగిన వయసులో హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందనీ, చేరికలో ఆడా మగా మధ్య తేడా 40 శాతం తగ్గిందనీ తేల్చారు. సైకిలు ఎంత పని చేస్తుందో ఇంతకంటే చెప్పక్కర్లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో హైస్కూలు పిల్లలకి ఇచ్చారు. కానీ ఇట్లాంటి పథకాల్లో సాధారణంగా లారీలో ఒకే సైజు సైకిళ్లు దిగుతాయి. పదమూడేళ్ల పిల్లల్లో ఎత్తుల తేడా ఎంతుంటుందో మీకు తెలుసు. ఫొటో తీసి, తాళం చెవి చేతిలో పెట్టి పంపించేస్తారు. సీటు సరిచేసే మనిషి పంపిణీ జాబితాలో ఉండడు.

(మరొకరు: 'సీటు ఎత్తితే పిల్లలు భయపడతారండీ. కాలు అందాలంటారు.')

అమ్మా, మీరు చాలా మంచి మాట అన్నారు. నేర్చుకునేటప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనాలి. సీటు పూర్తిగా దించాల్సిందే. ఆ భయం సహజం. దారిలో పోకిరీలు అడ్డం వస్తే కాలు ఆన్చి దిగగలగాలి అనే భయం కూడా అందులో ఉంది, దాన్ని కొట్టెయ్యకండి. కష్టం ఎక్కడంటే, నేర్చుకునేటప్పుడు దించిన సీటు పెళ్లయ్యేదాకా అలాగే ఉండిపోతుంది. పిల్ల నాలుగంగుళాలు పెరుగుతుంది, సీటు పెరగదు. మోకాళ్లు పొట్టకి తగులుతూ తొక్కుతుంది, వెనక క్యారియరు మీద నీళ్ల బిందో చెల్లెలో ఉంటుంది. మోకాలు నొప్పి అంటే సైకిలు మాన్పిస్తారు. సైకిలు మానితే బడి దూరమవుతుంది. నేను ఇంత దూరం నుంచి ఆ రెండున్నర సెంటీమీటర్ల లెక్క మోసుకొచ్చింది దీనికోసమే.

ఇది చెయ్యటానికి కెమెరాలు అక్కర్లేదు. పిల్లని సీటు మీద కూర్చోబెట్టి, పక్కన ఒకరు సైకిలు పట్టుకోవాలి. పెడలు అట్టడుగుకి తెచ్చి, మడమ పెడలు మీద పెట్టమనాలి. నడుం పక్కకి వాలకుండా కాలు సరిగ్గా చాపబడితే ఎత్తు సరిపోయినట్టే. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడలు మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొంచెం వంగుతుంది, మనకి కావలసింది ఆ వంపే. కొత్తగా నేర్చుకున్న పిల్లకి ఒక్కసారే ఎత్తొద్దు. వారానికి ఒక వేలు మందం చొప్పున ఎత్తండి, ఆమెకే తెలియదు. సీటు రాడ్డు మీద ఒక గీత ఉంటే ఆ గీత బయటికి కనపడేదాకా లాగకండి, విరుగుతుంది. సీటు ముక్కు పైకి లేచి ఉంటే మట్టం చెయ్యండి, ఇంకా నొప్పంటే కాస్త కిందికి వంచండి. మరీ వంచితే జారి భారమంతా చేతుల మీద పడుతుంది. అన్నిటికంటే ముందు ఆ ప్రశ్న అడగండి. మోకాలు నొప్పా, నడుం నొప్పా అని అడిగిన గొంతుతోనే, కూర్చునే చోట నొప్పా అని. మొదటి పిల్ల తల అడ్డంగా ఊపుతుంది. రెండో పిల్ల కూడా. మూడో పిల్ల చెబుతుంది, అప్పుడు మొదటి ఇద్దరూ వెనక్కొస్తారు. నాకిది రెండు స్కూళ్లలో జరిగింది.

ఈ శిబిరానికి సైకిళ్ల మీద వచ్చినవాళ్లు అయిదుగురున్నారని చెప్పారు. సైకిళ్లు వరండా పక్కన వేపచెట్టు కింద ఉన్నాయి. వచ్చేటప్పుడు చూశాను, అయిదింటికీ సీటు అట్టడుగునే ఉంది. భోజనాలకి ఇంకా అరగంట టైముంది, పానా నా సంచిలో ఉంది. టేపు ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి, లేకపోతే జాకెట్టు కొలతల టేపైనా ఫరవాలేదు.